మదనపల్లె స్వరలిపి: ‘జనగణమన’ బృందగానమైన తీరు

ఒక కవిత పాటగా మారడం వేరు, ఆ పాట బృందగానంగా మారడం వేరు. మొదటిదానికి ఒక గొంతు చాలు. రెండవదానికి వరస నిలకడగా ఉండాలి, లయ అందరికీ ఒకేచోట అందాలి, ఊపిరి తీసుకునే తావులు ముందే నిర్ణయం కావాలి. రవీంద్రనాథ ఠాగూర్ ‘జనగణమన’ చరిత్రలో ఈ రెండవ ఘట్టానికి అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెతో గాఢమైన సంబంధం ఉంది. అయితే ఆ సంబంధాన్ని చెప్పే తీరులో ఒక పొరపాటు స్థిరపడిపోయింది. జాతీయ గీతానికి బాణీ పుట్టింది మదనపల్లెలోనే అన్న మాట పత్రికా రచనల్లోను, సభాప్రసంగాల్లోను తరచుగా వినిపిస్తుంది. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ మాట నిలవదు.

ఈ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారి పాడారు. మరుసటి నెలలో ‘తత్త్వబోధిని’ పత్రిక దానిని ప్రచురించింది. అదే 1912 జనవరిలో బ్రహ్మసమాజ మాఘోత్సవంలోనూ పాడారు. అంటే ఠాగూర్ మదనపల్లెకు రావడానికి ఏడేళ్లకు ముందే ఈ గీతానికి వరస ఉంది. ఊరి మీద ప్రేమతో చేసిన అతిశయోక్తి వల్ల మదనపల్లె నిజంగా చేసిన పని మరుగున పడింది. ఆ పని బాణీ కట్టడం కన్న చిన్నదేమీ కాదు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి వచ్చి అందులో చేరిన తాలూకాలలో మదనపల్లె ఒకటి. అక్కడ 1915లో అనిబిసెంట్ ప్రేరణతో దివ్యజ్ఞాన కళాశాల వెలసింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాలు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ స్త్రీల హక్కుల ఉద్యమకర్తగానే మనకు ఎక్కువ పరిచితురాలు. ఆమె 1902లో ఐర్లండులో సంగీతంలో పట్టం పొందిన విదుషి అన్న సంగతి మాత్రం తెలుగు రచనల్లో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ప్రస్తుత విషయానికి కీలకం ఆ సంగతే.

1919 ఫిబ్రవరి చివర ఠాగూర్ ఈ దంపతుల అతిథిగా మదనపల్లెలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాడు. ఒక సాయంకాలం అధ్యాపకులు, విద్యార్థులు చేరి పాటలు పాడుకుంటున్న గోష్ఠిలో ఆయన ఈ గీతాన్ని వినిపించాడు. కజిన్స్ దంపతులు తమ ఉమ్మడి ఆత్మకథలో (1950) ఈ సన్నివేశాన్ని చమత్కారంగా వర్ణించారు. మొదట అది దేశాల, కొండల, నదుల పేర్లు చదివే భూగోళపాఠంలా తోచిందట. మొదటి చరణం చివరి జయధ్వనికి శ్రోతలు చెవులు నిక్కించారు. రెండవ చరణం చివర అదే జయధ్వని మళ్లీ రాగానే గొంతులు సవరించుకున్నారు. ఆ తరువాత మళ్లీ మళ్లీ పాడించుకొని, కొద్దిసేపటికే తామూ ఉత్సాహంగా గొంతు కలిపారు.

ఈ వర్ణనలో బృందగాన లక్షణమంతా ఇమిడి ఉంది. బరువైన సమాసాలున్న చరణ భాగాన్ని ఒకరు నడిపిస్తారు. పునరావృతమయ్యే భాగాన్ని గుంపు అందుకుంటుంది. భజనగోష్ఠి ఎరిగిన తెలుగు విద్యార్థులకు ఇది కొత్త పద్ధతి కాదు. భాష కూడా అడ్డురాలేదు. వంగదేశపు ఉచ్చారణ వేరైనా గీతంలోని పదజాలం దాదాపు తత్సమమే. గురువును రెండు మాత్రలుగా, లఘువును ఒక మాత్రగా లెక్కించే సంస్కృత మర్యాదను ఠాగూర్ ఈ గీతంలో పాటించాడు. వాడుక వంగభాషలో హ్రస్వదీర్ఘ భేదం అంతగా వినిపించదు; తెలుగులో అది ప్రాణప్రదం. ఆ దృష్టితో ఈ గీతపు నడక తెలుగు చెవికి వెంటనే పట్టుబడేదే. ప్రాంతాల పేర్ల వరుసలో ఆంధ్రం విడిగా లేదు, ద్రావిడంలోనే కలిసిపోయింది. 1913 బాపట్ల సభ తరువాత ఆంధ్రరాష్ట్ర వాదం బలపడుతున్న రోజుల్లో తెలుగు విద్యార్థులు ఆ వరుసను పాడారన్నది చరిత్రలోని ఒక చిన్న వైచిత్రి.

పాట విని ఆనందించడంతో మార్గరెట్ ఆగలేదు. ఠాగూర్ నుంచి వరసను నేర్చుకొని పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపికి ఎక్కించింది. ఆయన దానిని ఆమోదించాడు. ఫిబ్రవరి 28న ఠాగూర్ అక్కడే ఈ గీతాన్ని ‘భారత ప్రభాత గీతం’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఆంగ్లంలోకి అనువదించి స్వహస్తంతో రాసి ఇచ్చాడు. కళాశాల దానిని ప్రార్థనాగీతంగా స్వీకరించింది.

స్వరలిపి విలువ తెలియాలంటే అదే సీమలోని మరొక వాఙ్మయాన్ని తలచుకోవాలి. తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులకెక్కాయి. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కారు. స్వరం చెక్కలేదు, తాళమూ చెప్పలేదు. సాహిత్యం శతాబ్దాల పాటు చెక్కుచెదరక నిలిచింది, మట్టు మాత్రం పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతిలో ఆ కీర్తనలకు మళ్లీ స్వరరచన చేయవలసి వచ్చింది. తిరిగి దొరికిన సాహిత్యానికి ఆయన కొత్తగా గానాన్ని కల్పించాడు. మార్గరెట్ ఉన్న గానాన్నే పోకుండా పట్టింది. రెంటిలో ప్రతిభ మొదటిదానిది. అయితే రెండవదాని వంటి పని పదిహేను, పదహారవ శతాబ్దాల్లో తిరుమలలో జరిగి ఉంటే మొదటిదాని అవసరమే ఉండేది కాదు.

స్వరలిపి వల్ల నష్టమూ ఉంది. గీతల మీద స్వరస్థానం నిలుస్తుంది కాని స్వరానికీ స్వరానికీ నడుమ ఉండే జారు, కంపితం పూర్తిగా నిలవవు. ఏకగానంలో గాయకుడికి ఉండే స్వేచ్ఛ బృందంలో చెల్లదు. ‘జనగణమన’ ఈ నష్టాన్ని తట్టుకోగలిగింది. దాని వరస ప్రధానంగా బిలావల్ స్వరాల మీద నడుస్తుంది. కర్ణాటక పద్ధతిలో అది శంకరాభరణ మేళం, పాశ్చాత్యుల మేజర్ స్కేలూ అదే. గమకం తగ్గినా రూపం చెడదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు తెల్లదొరల బ్యాండు వరసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చినప్పుడు శంకరాభరణమే ఆధారమైంది. ఆ నొట్టుస్వరాలలో పడమటి వరస మన సాహిత్యాన్ని ధరించింది. మదనపల్లెలో మన వరస పడమటి లిపిని ధరించింది. దారి ఒకటే, నడక ఎదురు.

ఈ స్వరసామ్యమే గీతాన్ని వాద్యబృందాలకు చేరువ చేసింది. 1942లో హాంబర్గులో రేడియో వాద్యబృందం దీనిని వాయించింది. ఆజాద్ హింద్ ఫౌజు గీతానికి రామ్‌సింగ్ ఠాకూరి ఈ వరసనే బ్యాండుకు అనువుగా తీర్చాడు. 1947లో న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి సభలో జాతీయ గీతం కావాలని అడిగినప్పుడు మన ప్రతినిధివర్గం తమ వద్ద ఉన్న ‘జనగణమన’ గ్రామఫోన్ రికార్డును ఇచ్చింది. అది విని అక్కడి వాద్యబృందం సాధన చేసి వాయించింది. 1948 ఆగస్టులో నెహ్రూ ఈ అనుభవాన్ని సభకు వివరించాడు. జాతీయ గీతానికి మాటల కన్న వరస ముఖ్యమనీ, అది వాద్యబృందాలకు ఇమడాలనీ ఆయన వాదం. ఆయన కోరిక మీద ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ మరిల్ ఆర్కెస్ట్రా రూపం సిద్ధం చేశాడు. ఈ ప్రయత్నాలన్నిటినీ మదనపల్లె ఖాతాలో వేయడం మరో అతిశయోక్తి అవుతుంది. న్యూయార్కు బృందానికి ఆధారం గ్రామఫోను పళ్లెమే కదా! ఒంటిగొంతు పాటను కాగితం మీద నిలిపి, వంగభాష రాని పలువురి నోట పలికించవచ్చునని 1919లోనే నిరూపించడం మదనపల్లెకు దక్కవలసిన యశస్సు. 1937లో జాతీయ గీతం గురించి చర్చ సాగుతున్నప్పుడు జేమ్స్ కజిన్స్ మద్రాసు పత్రికకు లేఖ రాసి ఈ గీతాన్నే సమర్థించడానికి వెనుక ఉన్నది ఆ అనుభవమే.

1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆమోదించిన రూపంలో ఉన్నది అయిదు చరణాలలో మొదటిది మాత్రమే. దాని నిర్ణీత కాలం సుమారు 52 సెకన్లు. మదనపల్లె శ్రోతలు గొంతు సవరించుకున్న రెండవ చరణం అందులో లేదు.