కారుకి గోడలెందుకు?

మేం ఫీనిక్స్‌లో కొన్న ఇల్లు 1950ల నాటిది. దానికి గ్యారేజీ లేదు, కార్‌పోర్ట్ ఉంది. మనవైపు పోర్టికో అంటామే, అదే. పైన కప్పు, ఓ పక్క ఇంటి గోడ, మిగతాదంతా ఖాళీ. "ముందు దీన్ని మూయించెయ్, అమ్మేటప్పుడు మంచి రేటొస్తుంది" అని స్నేహితులంతా ఒకటే పోరు. కాంట్రాక్టర్ని పిలిస్తే 22 వేల డాలర్లన్నాడు. అంత డబ్బు పోసేముందు, అసలు కారుకి గోడలెందుకు కావాల్సొచ్చాయో చూద్దామనిపించింది. (బగ్ ఏంటో తెలీకుండా కోడ్ మార్చకూడదు కదా!)

గ్యారేజీ అన్నది ఫ్రెంచి మాట. భద్రంగా ఓ చోట పెట్టడం అనే అర్థంలోంచి పుట్టింది. మనూళ్ళలో గ్యారేజీ అంటే మెకానిక్ షెడ్డే అనుకోండి, అది వేరే సంగతి. తొలినాటి కార్లకి ఆ భద్రత నిజంగానే అవసరం. 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చేనాటికి చాలా కార్లకి పైన గుడ్డ టాపు, పక్కలంతా ఖాళీ. బాడీకి గుర్రబ్బగ్గీలకి పూసే వార్నిష్, అది ఎండకీ వానకీ ఆగదు. చలికాలంలో రేడియేటర్లో నీళ్ళు గడ్డకట్టేవి. స్టార్ట్ చెయ్యాలంటే ముందు నిలబడి హేండిల్ తిప్పాలి. అందుకే డబ్బున్నవాళ్ళు బగ్గీకి కట్టినట్టే కారుకీ ఓ గది కట్టించారు. 1910లో చికాగోలో పూర్తయిన రోబీ హౌస్‌కి ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఏకంగా మూడు కార్ల గ్యారేజీ పెట్టాడు, రిపేర్లు చేసుకోడానికి నేలలో గొయ్యితో సహా.

తర్వాత ఒక్కో బగ్గూ ఫిక్సవుతూ వచ్చింది. 1912లో క్యాడిలాక్ ఎలక్ట్రిక్ స్టార్టర్ తెచ్చింది. 1923లో జనరల్ మోటార్స్ డ్యూకో పెయింటు వాడటం మొదలెట్టింది. 1927లో ప్రెస్టోన్ యాంటీఫ్రీజ్ వచ్చింది. 1920లు ముగిసేసరికి అమ్ముడయ్యేవి ఎక్కువగా పైకప్పూ తలుపులూ ఉన్న మూసిన కార్లే.

ఇది గమనించినవాళ్ళలో ముందున్నది మళ్ళీ ఆ రైటే. 1937లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో, హెర్బర్ట్ జేకబ్స్ అనే కుర్ర జర్నలిస్టుకి తన ఫీజుతో కలిపి 5,500 డాలర్లలో ఇల్లు కట్టిచ్చాడు. అందులో గ్యారేజీ లేదు, ఇంటి కప్పునే ముందుకి సాగదీసి దానికింద కారు పెట్టుకోమన్నాడు. కారేమన్నా గుర్రమా, సాల కట్టడానికి, అన్నది ఆయన వాదన. గ్యారేజీ ఉంటే చెత్త చేరుతుందని కూడా ఆయన భయం. మాడిసన్ ఏమీ ఎండల ఊరు కాదండోయ్, మంచు కురిసే ఊరు! కార్‌పోర్ట్ అనే మాటకి ప్రచారం తెచ్చింది కూడా ఆయనే. 2019లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రైట్ కట్టడాల్లో ఆ మూడు కార్ల గ్యారేజీ ఇల్లూ, గ్యారేజీ లేని ఈ ఇల్లూ రెండూ ఉన్నాయి.

మరి గ్యారేజీ ఎందుకు చావలేదు? అప్పటికే దాని పని మారిపోయింది కాబట్టి. 1938లో హ్యూలెట్, ప్యాకార్డ్ పాలో ఆల్టోలో ఓ అద్దింటి వెనక, ఒక్క కారు పట్టే గ్యారేజీలో 538 డాలర్లతో పని మొదలెట్టారు. 1989లో కాలిఫోర్నియా దాన్ని సిలికాన్ వ్యాలీ జన్మస్థలంగా గుర్తించింది. 1998లో గూగుల్ మొదలైందీ మెన్లో పార్క్‌లో ఓ గ్యారేజీలోనే. నాలుగు గోడలు, తాళం, కరెంటు... వాళ్ళకి కావాల్సినవి అవి. కార్‌పోర్ట్‌లో అయితే పని జరిగేది కాదు. కానీ చూడండి, ఈ కథల్లో ఎక్కడా కారు లేదు!

మా స్నేహితుడికి రెండు కార్ల గ్యారేజీ ఉంది. లోపల సోనామసూరి బస్తాలు, పాత మంచం, పిల్లల చిన్నప్పటి సైకిళ్ళు. 40 వేల డాలర్ల కారు మాత్రం బయట ఎండలో. వర్కరౌండ్ కోడ్ ఎవరూ తీసెయ్యకపోతే, దానిమీద ఇంకేవేవో ఆధారపడిపోతాయని మనకి తెలియని విషయమా?

కాబట్టి గ్యారేజీయా, కార్‌పోర్టా అన్నది కారుని అడగాల్సిన ప్రశ్న కాదు. మీకు రంపం పెట్టుకుని చెక్కపని చేసే అలవాటుంటేనో, వీధిలో దొంగల భయముంటేనో గోడలు కట్టించండి, దండగేం కాదు. నాకా రెండూ లేవు. ఫీనిక్స్ ఎండకి కావాల్సింది నీడ, అది కప్పే ఇస్తుంది.

అయినా ఊగిసలాడుతూనే ఉన్నా. డిసెంబర్‌లో అమ్మానాన్నా వచ్చారు. నాన్న రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వారం తిరిగేసరికి కుక్కని తిప్పే ముసలాయన ఆగి పలకరించడం మొదలెట్టాడు. మూడేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్నా ఆయన పేరు నాకు తెలీదు.

గోడల సంగతి చెప్తే నాన్న, "అరుగు మూసేస్తానంటావేంట్రా?" అన్నారు.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేశా.