ఇంజను ఓవర్‌హాలింగ్: పాత బోల్టులు మళ్లీ వాడవచ్చునా?

ట్రాక్టరు లేదా నీటిపంపు ఇంజనును పూర్తిగా విప్పించినప్పుడు పిస్టన్లు, గాస్కెట్ల ఖర్చును లెక్కించే రైతులు బోల్టుల సంగతి పట్టించుకోవడం అరుదు. కానీ కనెక్టింగ్ రాడ్ బోల్టు ఒక్కటి తెగినా రాడ్డు బ్లాకును పగులగొట్టుకుని బయటికి రావచ్చును.

బిగించిన బోల్టు స్ప్రింగు వలె స్వల్పంగా సాగి భాగాలను అదిమి పట్టుకుంటుంది. విప్పిన తరువాత పూర్వపు పొడవుకు వచ్చినదే మళ్లీ వాడదగినది. టార్కు ఇచ్చిన పిదప మరికొన్ని డిగ్రీలు తిప్పి బిగించే హెడ్ బోల్టులలో అనేకం శాశ్వతంగా సాగుతాయి. తయారీదారుని మాన్యువల్ అనుమతిస్తే తప్ప వాటిని తిరిగి వాడరాదు.

తప్పక మార్చవలసినవి: స్ప్లిట్ పిన్నులు, మడిచిన లాక్ వాషర్లు, నైలాన్ నట్లు, మరలు చెడినవి, నడుము సన్నబడినవి, తుప్పు గుంటలు పడినవి. అనుమానమున్న బోల్టును కొత్తదాని పక్కన ఉంచి వెర్నియర్‌తో కొలవాలి.

తలపై ఉన్న 10.9 గుర్తులో 10 అంటే తెగే బలం 1000 మెగాపాస్కల్‌లు. 9 అంటే అందులో 90 శాతం వద్ద శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం. దాని స్థానంలో 8.8 బోల్టు పనికిరాదు.

బిగించే ముందు బ్లాకు రంధ్రాలలోని నూనెను, మడ్డిని తుడవాలి. నూనె నిలిచిన రంధ్రంలో బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికి బ్లాకే చీలవచ్చును. హెడ్ బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో, సాధారణంగా మధ్య నుండి అంచులకు, విడతలవారీగా టార్క్ రెంచితో బిగించాలి. బోల్టుల ఖర్చు కొద్దిపాటిది. బ్లాకు పగిలితే పోయేది ఇంజనే.