తీర్పుల వంశవృక్షం: చిన్నయ్య కేసును లెక్కగట్టేదెట్లా?

ఏ తీర్పూ ఒంటరిగా నిలబడదు. పాత తీర్పులను సాక్ష్యానికి పిలుచుకుంటుంది. ఒక్కో తీర్పును చుక్కగా, పిలుపును బాణంగా గీస్తే వల తయారవుతుంది. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లోనే ఇట్లాంటి జాబితాలు అచ్చేశాడు. వాటిని చూసే గార్‌ఫీల్డ్ 1964లో విజ్ఞానశాస్త్ర వ్యాసాలకు సూచిక తెచ్చాడు. ఈ పద్ధతి మన పోరాటాలకు పనికొస్తుందా అన్నదే మా ప్రశ్న.

వర్గీకరణ కేసునే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.లను 1970లో ఎ, బి, సి, డి గ్రూపులు చేశారు. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్లను నిలబెట్టింది. 1992లో ఇంద్రా సహానీ తీర్పు రాసిన జస్టిస్ జీవన్‌రెడ్డి బి.సి.ల వర్గీకరణకు ఈ బలరాంనే ఆసరా చేసుకున్నాడు. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైంది, రామచంద్రరాజు కమిషన్ వచ్చింది, 2000లో ఎస్.సి.లకు 1, 7, 6, 1 శాతాలుగా చట్టం అయ్యింది. 2004 నవంబరు 5న ఐదుగురు జడ్జీలు దాన్ని కొట్టేశారు. అదే చిన్నయ్య తీర్పు.

కొట్టేసింది ఆంధ్ర చట్టాన్నే గానీ బాణాలు పంజాబ్‌కూ పోయాయి. అక్కడ వాల్మీకులకు, మజహబీ సిక్కులకు ఎస్.సి. కోటాలో సగం ఇచ్చిన 1975 సర్క్యులర్ 2006లో పోయింది. దాని స్థానంలో తెచ్చిన చట్టంలోని సెక్షన్ 2010లో పోయింది. రెండుసార్లూ హైకోర్టు చేతిలో ఉన్నది చిన్నయ్యే. ఊరు దాటని కేసు అనుకున్నది ఎంతమంది నోటికాడి కూడు తీసిందో ఈ బాణాలు పట్టి చూస్తేనే తెలుస్తుంది.

అయితే బాణాలు ఊరికే లెక్కపెడితే మోసపోతాం. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు చిన్నయ్యను తోసిపుచ్చారు. తోసెయ్యడానికి కూడా పదేపదే పేరెత్తాలి కదా! ఉత్త లెక్కలో చిన్నయ్య బలం పెరిగినట్టు కనబడుతుంది. అందుకని ప్రతి బాణానికీ గుర్తు కావాలి: అనుసరించారా, వేరుచేశారా, రద్దు చేశారా. 1975 నాటి థామస్ తీర్పు ఇంకా చిత్రం. ఎస్.సి.లంతా ఒకే వర్గం అనడానికి చిన్నయ్యలో దాన్ని పిలిచారు. అసలైన సమానత్వం అనడానికి 2024లో అదే తీర్పును పిలిచారు. ఇంద్రా సహానీదీ అదే కథ. బి.సి.లకే పరిమితమని ఒకరు, కాదని ఇంకొకరు. కాబట్టి ఏ తీర్పును పిలిచారో కాదు, ఏ పేరా పిలిచారో రాసుకోవాలి.

పేర్ల తంటా ఒకటుంది. ఒకే తీర్పు ఏ.ఐ.ఆర్.లో ఒక నంబరు, ఎస్.సి.సి.లో ఇంకో నంబరు. కలపకపోతే ఒక చుక్క రెండవుతుంది. 2023 నుంచి సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టుల్లోని తీర్పులు ఉచితంగా దొరుకుతున్నాయి, కొత్తవాటికి ఒకే నంబరు వేస్తున్నారు. కట్టల కొద్దీ రిపోర్టులు కొనలేని మనబోటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇద్దరు విడివిడిగా గుర్తులు వెయ్యాలి, తేడా వచ్చినచోట ఎందుకొచ్చిందో రాయాలి, పట్టిక మొత్తం బయటపెట్టాలి. ఒంటిమిట్టలో కూర్చుని లెక్క కట్టినా, రాజంపేట కాలేజీలో కట్టినా ఒకే అంకె రావాలి. రాకపోతే మాది పరిశోధన కాదు, అభిప్రాయం.

ఈ వలలో పడనివీ ఉన్నాయి. తహసీల్దారు ఆఫీసులోనే ఆగిపోయిన డి.కె.టి. పట్టా తగాదాకు ఇందులో చుక్క లేదు. వాటికి రెవెన్యూ ఫైళ్లే వెతకాలి.