న్యాయస్థానము నుండి విద్యాపీఠమునకు: పండిత మదనమోహన మాలవీయ

ధనము తెచ్చిపెట్టు విద్యను సంపాదించుట కష్టము. అది చక్కగా ఫలించుచున్న సమయమున దానిని విడిచిపెట్టుట మఱింత కష్టము. అలహాబాదు హైకోర్టులో పేరుపొందిన న్యాయవాదియై యుండి, యేబదవ యేట ఆ వృత్తిని వదలి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమును నిర్మించి, దానికి సుమారు ఇరువది యేండ్లు ఉపకులపతిగా నుండిన పండిత మదనమోహన మాలవీయగారి చరిత్ర ఇందుకు నిదర్శనము.

మాలవీయగారు 1861 డిసెంబరు 25వ తేదీన ప్రయాగలో జన్మించిరి. వారి పూర్వులు మాళవ దేశము నుండి వచ్చినవారగుటచే ఆ కుటుంబమునకు మాలవీయ యను పేరు కలిగెను. తండ్రి వ్రజనాథ పండితుడు సంస్కృత విద్వాంసుడు. ఆయన భాగవత పురాణము చెప్పి, శ్రోతలు భక్తితో నిచ్చినదానితో పెద్ద కుటుంబమును పోషించుచుండెను. ఇంట పాండిత్యమునకు కొదువలేదు గాని ధనమునకు కొదువ యుండెను. 1884లో బి.ఏ. పరీక్షలో కృతార్థులైన మాలవీయగారు పైచదువు చదువగోరియు, ఇంటి పరిస్థితులవలన ప్రయాగలోని ప్రభుత్వ పాఠశాలలో నెలకు 40 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి.

1886లో కలకత్తాలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన జరిగిన రెండవ కాంగ్రెసు మహాసభలో ఈ యువ ఉపాధ్యాయుడు శాసనసభలలో ప్రజాప్రతినిధులుండవలెనని చేసిన ఉపన్యాసము పెద్దల మెప్పు పొందెను. దానిని విని సంతసించిన కాలాకాంకర్ రాజా రామపాల్ సింగ్ తన 'హిందూస్థాన్' పత్రికకు ఆయనను సంపాదకునిగా పిలిచెను. రాజా మద్యము సేవించియున్న వేళ తన్ను పిలువరాదను షరతుపై మాలవీయగారు ఆ పని నంగీకరించిరనియు, షరతు తప్పిన నాడు ఉద్యోగము విడిచిరనియు జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. అటుపిమ్మట న్యాయశాస్త్రము చదివి, 1891లో పట్టము పొంది, జిల్లా న్యాయస్థానమునను, 1893 నుండి హైకోర్టునను వాదింప మొదలిడిరి.

న్యాయవాదిగా ఆయన దృష్టిని ఆకర్షించిన విషయ మొకటి కలదు. ఆనాడు ఆ రాష్ట్రపు న్యాయస్థానముల కాగితములన్నియు పారశీక లిపిలోనే నడచుచుండెను. నాగరి మాత్రమే తెలిసిన పల్లెటూరి రైతు తన పేర వచ్చిన సమనులో నేమున్నదో తెలిసికొనుటకు మఱియొకనిని ఆశ్రయింపవలసి వచ్చెడిది. ఈ కష్టమును గూర్చియు, దానివలన ప్రాథమిక విద్యకు కలుగు హానిని గూర్చియు మాలవీయగారు ఎంతో సమాచారము సేకరించి, 1898లో లెఫ్టినెంటు గవర్నరు మెక్డానెల్ గారికి విజ్ఞాపన సమర్పించిరి. 1900లో నాగరి లిపికిని న్యాయస్థానములలో ప్రవేశము లభించెను. సామాన్యుడు తన కాగితమును తానే చదువుకొనగలిగిననే న్యాయము నిజముగా అందుబాటులోనికి వచ్చునను తలంపు ఆయనకు ఆనాడే కలదు. విశ్వవిద్యాలయ సంకల్పమునకు ఇట్టి తలంపే పునాది యనవచ్చును.

ప్రాచీన శాస్త్రములును ఆధునిక విజ్ఞానమును ఒక్కచోట నేర్పెడి విద్యాపీఠము కాశీలో నెలకొల్పవలెనని 1905లో ఆయన తన ప్రణాళికను పెద్దల యెదుట నుంచిరి. ఆ పనికి కోటి రూపాయలు కావలెనని అంచనా వేయబడెను. దాని కొఱకు కాలమంతయు వినియోగింప నిశ్చయించి, 1911లో న్యాయవాద వృత్తి నుండి విరమించిరి. ఆ సంవత్సరముననే హిందూ విశ్వవిద్యాలయ సంఘము రిజిస్టరు చేయబడెను. శ్రీమతి అనీ బిసెంటు 1898లో కాశీలో స్థాపించిన సెంట్రల్ హిందూ కళాశాల కూడ ఈ ప్రయత్నములో కలిసి, విశ్వవిద్యాలయమునకు అంకురమయ్యెను. దర్భంగా మహారాజు 5 లక్షల రూపాయలు విరాళమిచ్చెను. కాశీరాజు గంగాతీరమున సుమారు 1,300 ఎకరముల భూమి నొసగెను. మహారాజుల సంస్థానములకే గాక సామాన్యుల ముంగిళ్లకును మాలవీయగారు జోలె పట్టి వెళ్లిరి. 'బిచ్చగాండ్రలో రాజు' అను పేరు ఆయనకు నిలిచిపోయెను.

విరాళములతోనే విశ్వవిద్యాలయము వెలయదు, చట్టము కావలెను. వాదనలో ఆరితేరిన ఆయన నేర్పు ఇచ్చట అక్కరకు వచ్చెను. కేంద్ర శాసన మండలిలో సభ్యులుగా నుండి, ఆయన ప్రభుత్వముతో సంప్రదింపులు సాగించిరి. 1915 అక్టోబరు 1వ తేదీన చట్టము ఆమోదింపబడెను. హిందూ ధర్మబోధకు ఏర్పాట్లు చేయుచునే, అన్ని వర్గముల, కులముల, మతముల వారికిని విద్యాపీఠపు ద్వారములు తెఱచి యుండవలెనని అందు విధింపబడెను. 1916 ఫిబ్రవరి 4వ తేదీన వైస్రాయి హార్డింజి ప్రభువు శంకుస్థాపన చేసెను. ఆ ఉత్సవములలోనే గాంధీ మహాత్ముడు రాజుల ఆభరణములను, దేశపు దారిద్ర్యమును పోల్చి నిర్భయముగా మాటలాడగా సభలో కలవరము పుట్టెను.

సర్ సుందరలాల్, సర్ శివస్వామి అయ్యరుగార్ల తరువాత, 1919లో మాలవీయగారు ఉపకులపతి పదవిని స్వీకరించిరి. నిష్ఠాపరులైన సనాతనులయ్యు, వారు వేదశాస్త్రములతోపాటు ఇంజనీరింగు, గనుల విద్య, లోహశాస్త్రము మున్నగువానికి పెద్దపీట వేసిరి. యంత్రవిద్య లేనిదే దేశపు పేదఱికము తీరదని ఆయన నమ్మిక.

ఆయనకు గడ్డు పరీక్ష 1920లో వచ్చెను. సహాయనిరాకరణములో భాగముగా విద్యార్థులు ప్రభుత్వ సంబంధముగల కళాశాలలను విడువవలెనని గాంధీజీ కాశీకి వచ్చి బోధించిరి. మాలవీయగారికి గాంధీజీయందు గాఢమైన ప్రేమ కలదు. అయినను చదువులు ఆగుట వారికి సమ్మతము కాలేదు. కొందఱు అధ్యాపకులు, విద్యార్థులు వెడలిపోయిరి. వారికొఱకు 1921లో అదే నగరమున కాశీ విద్యాపీఠము వెలసెను. అపనిందలకు వెఱవక మాలవీయగారు తన విశ్వవిద్యాలయమును నిలిపిరి. తరువాతి కాలమున ఉప్పు సత్యాగ్రహ దినములలో తానును చెఱసాలకేగి, దేశభక్తిలో ఎవరికిని తీసిపోనని చూపిరి.

విడిచిన గౌనును ఆయన మరల ధరింపవలసిన దినము కూడ వచ్చెను. 1922 ఫిబ్రవరి 4వ తేదీన గోరఖపూరు జిల్లా చౌరీచౌరాలో పోలీసులు కాల్పులు జరుపగా, ఉద్రిక్తులైన జనులు ఠాణాకు నిప్పంటించిరి. ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. గాంధీజీ ఉద్యమమునే నిలిపివేసిరి. సెషన్సు న్యాయస్థానము 172 మందికి ఉరిశిక్ష విధించెను. వారిలో పెక్కండ్రు పేద రైతులు. దేశమంతయు ఆ సంఘటనకు సిగ్గుపడుచున్న వేళ వారి పక్షమున నిలుచుట సులభము కాదు. పదేండ్లకు పైగా న్యాయవాదమునకు దూరముగా నుండిన మాలవీయగారు అలహాబాదు హైకోర్టులో వారి కొఱకు వాదించిరి. 1923లో హైకోర్టు 19 మందికి మాత్రమే ఉరిశిక్షను ఖాయపఱచెను. తక్కినవారిలో కొందఱు నిర్దోషులుగా విడుదల పొందిరి. పలువురకు శిక్ష తగ్గెను. ఆ పందొమ్మిదిమందిని కాపాడలేకపోయినను, నూటయేబది కుటుంబములకు ఉరిభయము తొలగెను.

ఈ విద్యాపీఠముతో ఆంధ్రులకును అనుబంధము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1939లో కాశీలో మాలవీయగారి పీఠము నధిష్ఠించిరి. అనంతపురము జిల్లావాసియై, తరువాత కమ్యూనిస్టు నాయకుడుగా ప్రసిద్ధికెక్కిన తరిమెల నాగిరెడ్డి కూడ అచ్చటనే చదివెను. ధర్మబోధకై వెలసిన విశ్వవిద్యాలయము భిన్నమార్గము నవలంబించిన వారికిని విద్య నొసగెననుట దానికి వన్నె తెచ్చు విషయమే.

మాలవీయగారు 1946 నవంబరు 12వ తేదీన, స్వాతంత్ర్యోదయమునకు కొన్ని మాసముల ముందు, కాశీలో పరమపదించిరి. 2014లో భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదమును ప్రకటించెను.

విరామమెఱుగక చందాలు పోగుచేసి, ఇటుకపై ఇటుక పేర్చి, పదిమందికి చదువు దక్కవలెనని పాటుపడుట ఎంతటి శ్రమయో గ్రంథాలయమును పోషించుకొను గ్రామమునకు వేఱుగ చెప్పనక్కరలేదు. కాశీలో కోటి రూపాయలతో జరిగినదియు, పల్లెలో కొద్దిపాటి చందాలతో జరుగునదియు ఒకే జాతి పని. తాను నేర్చినది తన యింటికే పరిమితము కాకూడదని తలచినవాడు ఉన్నచోట అట్టి పని సాగుచునే యుండును.