గర్భిణి మానసిక ఒత్తిడి – బిడ్డపై ప్రభావం

గర్భం దాల్చిన కాలంలో తల్లి ఎదుర్కొనే తీవ్రమైన లేదా దీర్ఘకాలిక ఒత్తిడి నెలలు నిండకుండా కాన్పు కావడం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి సమస్యలతో ముడిపడి ఉంటుంది.

ఒత్తిడిలో తల్లి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. మాయలోని ఒక ఎంజైము దానిలో చాలా భాగాన్ని నిర్వీర్యం చేసి పిండాన్ని కాపాడుతుంది. ఈ రక్షణ సంపూర్ణం కాదు.

గర్భిణి ఒత్తిడి బిడ్డపై చూపే ప్రభావం గురించి ప్రసిద్ధమైన పరిశోధన కెనడాలో జరిగింది. 1998 జనవరిలో క్యూబెక్‌ రాష్ట్రంలో గడ్డకట్టే వాన కురిసి, మంచు బరువుకు కరెంటు టవర్లు కుప్పకూలాయి. గడ్డకట్టే చలిలో 30 లక్షల మందికి పైగా చీకట్లో ఉండిపోయారు. కొన్ని ఇళ్లకు నెల దాటినా కరెంటు రాలేదు. మానసిక శాస్త్రవేత్త సుజాన్ కింగ్ బృందం అప్పటి గర్భిణులను ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు దెబ్బతిన్నదా, గాయాలయ్యాయా అని అడిగి, ఎంత బెంగపడ్డారో విడిగా నమోదు చేసింది. ఎక్కువ కష్టాలు పడిన తల్లుల పిల్లలు రెండేళ్ల వయసులో మాటల్లో, గ్రహణశక్తిలో సగటున వెనుకబడ్డారు. పదమూడేళ్లకు వారి రక్తకణాల డీఎన్ఏపై రసాయన గుర్తుల్లోనూ తేడాలు కనిపించాయి. అవి తల్లి బెంగతో కాక, ఆమె పడిన కష్టాలతో ముడిపడి ఉన్నాయి.

ఇవన్నీ సగటు ఫలితాలే. ఏ ఒక్క బిడ్డ భవిష్యత్తునూ నిర్ణయించవు. రోజువారీ చిరాకులకు భయపడనక్కర్లేదు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే మాత్రం గర్భిణి డాక్టరుకు చెప్పాలి. మన దేశంలో టెలి మానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ సలహా దొరుకుతుంది.