ఉత్తరాలకు జవాబు రాయని అమ్మ

"రాయాలని ఉంది కానీ మొదలుపెట్టలేకపోతున్నా" అని మనలో ఎంతమంది అనుకుంటామో! ఆ మాట విన్నప్పుడల్లా నాకు రాససుందరీ దేవి గుర్తొస్తుంది. బెంగాలీలో మొట్టమొదటి ఆత్మకథ ఈవిడదే. పేరు 'ఆమార్ జీబన్', అంటే నా జీవితం. ఏ పండితుడి కూతురో కాదు. వంటింట్లో బతుకంతా గడిపిన ఇల్లాలు.

1810 ప్రాంతంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న పాబ్నా జిల్లాలో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ళింటి బయటి వసారాలో మగపిల్లలకి బడి నడిచేది. ఈ పిల్లని కూడా అక్కడ ఒక పక్కన కూర్చోబెట్టేవారు, చదువు కోసం కాదు, ఊరికే. వింటూ వింటూ అక్షరాల పేర్లు చెవిన పడ్డాయి. పన్నెండో ఏట పెళ్ళి. అత్తగారికి చూపు పోయాక ఆ పెద్ద ఇంటి చాకిరీ అంతా ఈవిడ నెత్తినే పడింది. పూటపూటకీ పాతికమందికి వంట. పైగా 12 మంది పిల్లలు. అందరికీ పెట్టేసరికి తనకి తినే వీలు చిక్కని రోజులున్నాయని ఆవిడే రాసుకుంది. పరదా ఎంత గట్టిదంటే, భర్త గుర్రం వాకిట్లోకి వస్తే దాని ముందుకి వెళ్ళడానికి కూడా సిగ్గుపడి దాక్కునేదట! నవ్వొస్తుంది కానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

చదువుకున్న ఆడదానికి మొగుడు పోతాడని నమ్మే రోజులవి. అయినా ఆవిడకి పాతికేళ్ళ వయసులో చైతన్య భాగవతం చదవాలని కోరిక పుట్టింది. అది చేతిరాత ప్రతి, విడి పత్రాలు. ఇంట్లోవాళ్ళు బయటికి తీసినప్పుడు ఒక పత్రం దాచేసింది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. వంటింట్లో ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని, చిన్నప్పుడు చెవిన పడ్డ శబ్దాలతో పోల్చుకుంటూ, ముసుగులోంచి చూస్తూ చదవడం నేర్చుకుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే!

ఆవిడ గురించి చెప్పేవాళ్ళందరూ ఈ ఘట్టం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ తరవాతిదే ముఖ్యం అనిపిస్తుంది. చదవడం వచ్చింది కదా, వెంటనే రాసిందా? లేదు. ఏళ్ళకేళ్ళు గడిచాయి. ఎందుకో ఆవిడే చెప్పుకుంది. రాయాలంటే కాగితం కావాలి, కలం కావాలి, సిరా, సిరాబుడ్డి కావాలి, అవన్నీ ముందు పెట్టుకుని ఒకచోట కూర్చోవాలి. ఇంటి కోడలు అలా కూర్చుంటే ఎవరైనా ఊరుకుంటారా? చదువంటే కొంగుచాటున దొంగతనంగా సాగింది. రాత అలా సాగదు. దానికి చోటు కావాలి, ఖాళీ చెయ్యి కావాలి.

ఆ ముడి విప్పింది కొడుకు కిశోరీలాల్. ఊరికి దూరంగా ఉండి ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. ఇన్ని ఉత్తరాలు రాస్తున్నా అమ్మ ఒక్కదానికీ జవాబు రాయదేమని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, కాగితం, కలం, సిరా తెచ్చి చేతికిచ్చి మరీ వెళ్ళాడు. ఆవిడకి దిక్కుతోచలేదు. రాయకపోతే కొడుకు చిన్నబుచ్చుకుంటాడు, రాయబోతే చెయ్యి తిరగదు. ఈలోగా భర్త వైద్యం కోసం కృష్ణనగర్‌లో ఇంకో కొడుకు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఇంటిపని తక్కువ. ఆ కాస్త తీరికలో రాత పట్టుబడింది.

అంటే ఆవిడకి కుదిరినవి చూడండి: జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఒకరు, చేతికందిన కాగితం, తగ్గిన వంటపని. కోరిక మాత్రం ఎప్పటినుంచో ఉంది. "నీకు నిజంగా ఆసక్తి ఉంటే ఎలాగైనా రాస్తావు" అని తేలిగ్గా అనేవాళ్ళకి నేను చెప్పేది ఈ కథే. కంచాలు తీసే పని ఎవరిదో అడక్కుండా ఆ మాట అనకూడదు.

మన తెలుగులోనూ ఇలాంటి తోడు దొరికిన ఆవిడ ఉంది, భండారు అచ్చమాంబ. చిన్నతనంలోనే పెళ్ళయి మధ్యపరగణాలకి వెళ్ళిపోయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం అక్క ఇంటికి వచ్చాక, అతని పక్కన కూర్చుని చదువుకుంది. కన్నపిల్లలిద్దరినీ పోగొట్టుకుంది. తరవాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని ఎందరో స్త్రీల జీవితాలు రాసింది. 1905లో చనిపోయేనాటికి ఆవిడకి ముప్ఫై దాటి ఎంతో కాలేదు.

రాససుందరికి మాత్రం ఆయుష్షు కలిసొచ్చింది. 'ఆమార్ జీబన్' 1876లో అచ్చయింది, అప్పటికి అరవై దాటాయి. 1897లో, 80 ఏళ్ళు ఎప్పుడో దాటాక, దానికి రెండో భాగం కూడా కలిపింది.