ఎనిమిది రోజుల అప్పు

మొన్న ఆదివారం పిల్లలు తెప్పించుకున్న పిజ్జా బిల్లు చూసి నా గుండె గుభేలుమంది. "ఒకప్పుడిది అప్పు పెట్టుకుని తిన్న బీదవాళ్ళ తిండర్రా!" అన్నాను. పకపకా నవ్వారు. నవ్వరూ మరి!

పిజ్జా పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల కింద నలిగిపోయిన ఊరది. 1943 సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులపాటు ఊరి జనమే తిరగబడి జర్మన్ సైన్యాన్ని వెళ్ళగొట్టారు. గెలిచారు సరే, తినడానికేదీ? కట్టెల పొయ్యిలు చాలా కూలిపోయాయి. చీజ్, టమాటాలు కొందామంటే ధరలు ఆకాశంలో ఉన్నాయి.

అప్పుడు ఆదుకుంది నూనె మూకుడే! వేయించిన పిజ్జా అంతకుముందూ ఉన్నదే గానీ, ఆ కరువు రోజుల్లో అదే పేదల కడుపు నింపింది. వీధిలోకి తలుపు తెరుచుకునే ఒంటిగది ఇళ్ళు అక్కడ కొల్లలు. ఆ గుమ్మాల ముందే ఆడవాళ్ళు పొయ్యి పెట్టారు. చాలా ఇళ్ళల్లో మొగుడు పిండి కలిపితే పెళ్ళాం వేయించి అమ్మేది. పులిసిన పిండిని చేత్తో సాగదీసి, ఉంటే పాలవిరుగులాంటి రికోటా, పందికొవ్వు వేపుడుముక్కలూ పెట్టి, కజ్జికాయలా మడిచి మూకుట్లో వేస్తే పూరీలా పొంగేది. లేని రోజున ఉత్త పిండే. పెట్టిన సరుకు తక్కువైనా కంటికి నిండుగా ఉండేది!

తినేవాళ్ళ చేతుల్లో డబ్బుల్లేవు. అందుకని "ఇవాళ తిను, ఎనిమిదో రోజున ఇయ్యి" అనేవారట. దానికి ఆ పేరే స్థిరపడిపోయింది. 1954లో విట్టోరియో డి సికా తీసిన 'నేపుల్స్ బంగారం' సినిమాలో ఇలా పిజ్జాలమ్మే ఇల్లాలు సోఫియా లోరెన్. ఆమె వేలి ఉంగరం మాయమైతే, పిజ్జా పిండిలో పడిపోయిందేమోనని కొన్నవాళ్ళ ఇళ్ళన్నీ వెతుక్కుంటూ తిరుగుతాడు మొగుడు. అసలు ఉంగరం ఎక్కడుందో ఆవిడకి తెలుసు, మనకీ తెలుసు!

ఆ కథ అలా ఉంచండి. నన్ను కదిలించింది ఆ అప్పు. మా చిన్నప్పుడు మా వీధి చివర పునుగులమ్మే అవ్వ కూడా గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. ఎవరి గీతలేవో ఆమెకే తెలియాలి. రేపటికి పిండి ఎలాగా అనుకునే మనిషి ఇవాళ పొరుగువాణ్ణి నమ్మడం ఎంత గుండెధైర్యం! కలిగినవాళ్ళు అప్పిస్తే వడ్డీ అడుగుతారు. లేనివాళ్ళు అప్పిస్తే మళ్ళీ రమ్మంటారు.

పిల్లలు కాసేపు మాట్లాడలేదు. చివరి ముక్క మాత్రం నాకు మిగిల్చారు. బిల్లు కట్టింది నేనే లెండి. నాకెవరూ ఎనిమిది రోజుల గడువివ్వలేదు!